మందుల చీటీ

విద్యానగరమునుండి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోవువారు అడిక్‌మెట్టు వంతెన నెక్కి, రైలు పట్టాలను దాటి, ఆవలి చెట్ల నీడలోనికి దిగుదురు. ఆ విశ్వవిద్యాలయము 1918లో స్థాపింపబడినది. దానికి తలమానికమైన ఆర్ట్స్ కళాశాలా భవనము 1939లో ప్రారంభింపబడినది. వంతెనకు ఈవలి వైపున, నల్లకుంటలో, అంటువ్యాధుల వైద్యశాల యున్నది. 1897లో సికింద్రాబాదునందు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న సర్ రోనాల్డ్ రాస్ పేరు దానికి పెట్టబడినది. అయినను జనులు దానిని కోరంటి దవాఖాన అనియే పిలుతురు. అంటురోగులను వేరుగా నుంచుటను ఆంగ్లమున క్వారంటైన్ అందురు. ఆ మాటయే మనవారి నోట కోరంటి యైనది.

ఒకవైపున విద్య, మరియొకవైపున వైద్యము. నడుమ ఈ వంతెన. రాత్రి తొమ్మిది దాటిన పిమ్మట ఆ వంతెన క్రింద కొందరు గోనెపట్టాలు పరచుకొని పండుకొందురు. వారికి ఇల్లు లేదు. నేను ముప్పదియొక్క సంవత్సరములు ఆ దారినే ఉద్యోగమునకు పోయి వచ్చితిని. వారిని ప్రతిదినము చూచుచునే యుంటిని. కాని వారిలో ఒక్కరి ముఖమైనను నాకు గుర్తులేకుండెను. కన్ను చూచిన దంతయు మనసు చూడదని ఉద్యోగము మానిన తరువాతనే నాకు తెలిసినది.

నేను నర్సును. రోగులు మమ్ములను ‘సిస్టరమ్మా’ అని పిలిచెడివారు. మా వీధివారు నన్ను నేటికిని అట్లే పిలుతురు. శస్త్రచికిత్స వార్డులో గాయములు కడిగి కట్టు కట్టుట నా పని. కట్టు కట్టుట యొక విద్య. వ్రేళ్లు ఒకదానితోనొకటి ఒరయకుండ సందులలో దూది నుంచవలెను. బిగువెక్కువైనచో రక్తము నిలిచిపోవును. తక్కువైనచో కట్టు జారిపోవును. ఇన్ని సంవత్సరములలో నేను కట్టిన కట్లకు లెక్కలేదు. కట్టు కట్టి, మందుల చీటీ చేతికిచ్చి, రోజు విడిచి రోజు మార్పించుకొనుమని చెప్పి పంపినచో నా బాధ్యత తీరినదని తలచెడిదానను. రోగి ఆ ద్వారము దాటి ఎక్కడికి పోవునో నేనెన్నడును అడుగలేదు. ఇంటికే పోవునని నా నమ్మకము.

2016లో నేను ఉద్యోగ విరమణ చేసితిని. మరుసటి జనవరి నెల చివర ఒక సాయంకాలము విశ్వవిద్యాలయపు దారిలో కొంతదూరము నడచి, చీకటిపడిన తరువాత ఇంటికి మరలుచుంటిని. చలి గట్టిగా నుండెను. వంతెన క్రింద ఒక ముసలివాడు గోడకానుకొని, కుడికాలు చాచి కూర్చుండియుండెను. ఆ పాదమునకొక కట్టుండెను. అది మట్టికొట్టుకొని నల్లబడినది; అంచుల దారములు విడి వ్రేలాడుచున్నవి. అయినను ఆ కట్టిన తీరును నేను గుర్తించితిని. మడమచుట్టు రెండు చుట్లు, వాటిపై ఏటవాలుగా నొక చుట్టు. అది ఆసుపత్రిలో శిక్షణ పొందిన చేయి. నేను కట్టియుండినను అట్లే కట్టెడిదానను. నా కాళ్లు ముందుకు సాగలేదు.

“తాతా, ఈ కట్టు ఎప్పుడు కట్టిండ్రు?” అని అడిగితిని.

“సంక్రాంతికి ముందల, బిడ్డా.”

అతడు తన మూటలోనుండి ఒక ప్లాస్టిక్ సంచిని తీసి, అందులోని కాగితమును నాకిచ్చెను. అది ఆంగ్లములో నుండెను. రోజు విడిచి రోజు కట్టు మార్పించుకొనవలెననియు, ఉదయమును రాత్రియు భోజనమునకు ముందు ఇన్సులిన్ సూది వేసికొనవలెననియు, ఇన్సులిన్‌ను చల్లని చోట నుంచవలెననియు, కాలు నేలకానింపక విశ్రాంతి తీసికొనవలెననియు దానిలో వ్రాసియుండెను.

“ఇందుల ఏమున్నదో తెలుసా, తాతా?”

“తెల్వదు. ఇది చూపిస్తే మల్ల లోపలికి రానిస్తరని దాచిన.”

నేను ఇంటికి పోయి, కాచి చల్లార్చిన నీటిని, దూదిని, గుడ్డను తెచ్చి, అచ్చటనే కూర్చుండి ఆ కట్టు విప్పితిని. పుండు చీముపట్టియుండెను. అతడు మూల్గలేదు. మధుమేహము ముదిరినవారి పాదములకు స్పర్శ తగ్గిపోవును. నొప్పి తెలియకుండుట అదృష్టమని వారనుకొందురు; నిజమునకదియే వారి దురదృష్టము. నొప్పి లేనివాడు పుండును మరచి నడచుచుండును.

అతడు పాలమూరు ప్రాంతమువాడు. యౌవనమున తాపీపనికై ఈ నగరమునకు వచ్చి, ఎందరి ఇండ్లకో గోడలు లేపెను. భార్య గతించెను. చూపు మందగించిన తరువాత అతనిని పనికి పిలుచువారు లేకపోయిరి. మొదట అద్దె గది పోయెను. పిమ్మట తోటివారి గుడిసె పోయెను. చివరకు ఈ వంతెన మిగిలెను. ఇండ్లు కట్టినవానికి ఇల్లు లేదని చెప్పి నిట్టూర్చుట సులభము. నాకప్పుడు అంత ఆలోచన కూడ రాలేదు. రోజు విడిచి రోజు ఈ కట్టు మార్చువారెవరని మాత్రమే నేనాలోచించితిని. మా పని అట్లు మొదలైనది.

మా వీధిలో నాతో పాటు ఉద్యోగ విరమణ చేసిన ఒక వైద్యుడుండెను. ఆయనకీ సంగతి చెప్పగా, నేను చూచి వచ్చి స్థితి తెలుపవలెననియు, తాను కూడ వచ్చి పరీక్షించి మందులు వ్రాయుదుననియు ఒప్పుకొనెను. ఇట్టి ఏర్పాటు ఏల కావలసి వచ్చినదో మీకు చెప్పవలెను. మన దేశమున నర్సు రోగికి సేవచేయును గాని సామాన్యముగా తానై మందు వ్రాసి యియ్యదు. కొన్ని దేశములలో ప్రత్యేక విద్య నభ్యసించిన నర్సులు రోగిని పరీక్షించి, జబ్బును నిర్ణయించి, మందు కూడ వ్రాయుదురు. వారిని నర్స్ ప్రాక్టీషనర్లందురు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున 1965లో లొరెట్టా ఫోర్డ్ అను నర్సు, హెన్రీ సిల్వర్ అను పిల్లల వైద్యుడు కలిసి ఆ చదువును మొదటిసారిగా ప్రారంభించిరి. వైద్యుడు చేరని చోటికి నర్సు చేరగలదని వారి విశ్వాసము. మన తెలంగాణలో కూడ ప్రసూతి సేవలకై నర్సులకిట్టి ప్రత్యేక శిక్షణ నిచ్చు పద్ధతి 2017లో మొదలైనది. నేనట్టి పట్టము పొందినదానను కాను. కావున వైద్యుడు వెంట నున్నప్పుడే, ఆయన వ్రాసిన మందులనే యిచ్చెడిదానను.

విశ్వవిద్యాలయమున చదువుచున్న ఇద్దరు విద్యార్థులు కూడ మాతో చేరిరి. మంగళవారము, శనివారము రాత్రి తొమ్మిది గంటలకు బయలుదేరి, వంతెన మొదలుకొని జామె ఉస్మానియా రైలు స్టేషను వరకును, అచ్చటినుండి తార్నాక చౌరస్తా వరకును నడచెడివారము. నా సంచిలో కట్టుగుడ్డ, దూది, కత్తెర, జ్వరమాని, రక్తపు పోటును కొలుచు యంత్రము, చక్కెరను కొలుచు చిన్న యంత్రము, ఒక సబ్బు, రెండు తువ్వాళ్లు ఉండెడివి. వీనిలో ఎక్కువగా ఖర్చగునది సబ్బే.

మేము కొన్ని నియమములు పెట్టుకొంటిమి. నిద్రించువారిని లేపరాదు, వారికి నిద్ర కూడ ఒక మందే. నిలువబడి మాటలాడరాదు; నేలపై కూర్చుండవలెను. పరచుకొన్న గుడ్డను త్రొక్కరాదు. మనము ఒకరి యింటికి పోయినప్పుడు గడప వెలుపల చెప్పులు విడుతుము గదా! గోనెపట్టా అంచే వారికి గడప. “కూర్చుండవచ్చునా?” అని అడిగిన పిమ్మటనే మేము కూర్చుండెడివారము. ఆ ఒక్క ప్రశ్న విని కన్నీరు పెట్టుకొన్నవారు కలరు. ఎన్నో యేండ్లుగా ఎవరును వారినొక అనుమతి కోరలేదు.

ముందుగా పాదములు చూచెడివారము. దీనికొక కథ కలదు. 1985లో అమెరికాలోని బోస్టన్ నగరమున జిమ్ ఓకానెల్ అను యువవైద్యుడు ఇల్లులేనివారికి వైద్యము చేయుటకై వారి ఆశ్రయమునకు పోయెను. ఆయన గొప్ప వైద్యశాలలో తర్ఫీదు పొందినవాడు. అచ్చటి నర్సు బార్బరా మెకిన్నిస్ ఆయనను స్టెతస్కోపు తీసి ప్రక్కనుంచి, వచ్చినవారి పాదములను నీటిలో నానబెట్టి కడుగుమని చెప్పెను. ఆయన కొన్ని వారములు ఆ పనియే చేసెను. అంతవరకు ఏ వైద్యునితోను మాటలాడని వారు, పాదములు కడిగినవానితో తమ జబ్బులు చెప్పుకొనసాగిరి. ఆ వైద్యుడు తరువాత దశాబ్దములపాటు ఆ సేవలోనే నిలిచెను. మేము కూడ పాదములు కడుగుటతోనే మొదలుపెట్టితిమి. అయితే మధుమేహము గలవారి పాదములను నానబెట్టరాదు. తొందరగా కడిగి, వ్రేళ్లసందులలో తడి లేకుండ తుడువవలెను. చర్మము మెత్తబడినచో క్రొత్త పుండు పుట్టును.

తాత పుండు రెండు నెలలలో చాలవరకు మానెను. వైద్యుడు సంతోషించెను, నేను గర్వపడితిని. ఇన్సులిన్ సీసాను, సూదులను మేమే తెచ్చియిచ్చి, వేసికొను విధము నేర్పితిమి. తాపీ పట్టిన చేయి గనుక సూదిని చక్కగా పట్టుకొనెను. ఆ వారము మొదటి పరీక్షలో చక్కెర తగ్గియుండెను. నాకు ధైర్యము కలిగెను.

ఏప్రిల్ నెల వచ్చెను. ఎండలు ముదిరెను. ఒక శనివారము రాత్రి పరీక్షించగా చక్కెర నాలుగువందలు దాటియుండెను. అంతకుముందు మంగళవారము కూడ అట్లే యుండెను. పాదమున మరల ఎరుపు కనిపించెను. నాకు కోపము వచ్చెను. ఆ దినమున ఎండలో తిరిగి అలసియుంటిని, ఇంటిలో అతిథులుండిరి, అయినను వారిని విడిచి వచ్చితిని. ఇవన్నియు ఆ కోపములో కలిసినవి.

“మందు తెచ్చిచ్చినం, నేర్పినం. వేసుకునుడు నీ పని కాదా? నీ ప్రాణం మీద నీకే లేకపోతే మేమేం చెయ్యాలె, తాతా?” అని గట్టిగా అంటిని. ప్రక్కనున్నవారందరును విన్నారు. అతడు తలవంచుకొని యుండెనే కాని ఒక్కమాటయు పలుకలేదు. ఆ మౌనమును నేను తప్పు నొప్పుకొనుటగా భావించితిని. సంచిలోనుండి ఒక తెల్లకాగితము తీసి, పెద్ద అక్షరములతో “రోజుకు రెండుసార్లు, భోజనమునకు ముందు” అని తెలుగులో వ్రాసి అతని చేతిలో పెట్టితిని. అతనికి ఆంగ్లమే కాదు, తెలుగు కూడ చదువరాదని ఆ క్షణమున నేను మరచిపోయితిని.

మంగళవారము పోయి చూడగా అతని చోటు ఖాళీగా నుండెను. తరువాతి వారము కూడ అతడు కనబడలేదు. మూడు వారముల పిమ్మట తార్నాకలో బస్సులాగు చోట, వెనుకగోడ ప్రక్కను, మా విద్యార్థులలో నొకడతనిని కనుగొనెను. ఒడలు జ్వరముతో కాలుచుండెను. పాదము నల్లబడి వాసన వచ్చుచుండెను. ఆ రాత్రియే ఆటోలో ప్రభుత్వ వైద్యశాలకు తీసికొనిపోతిమి. రెండు దినముల తరువాత మోకాలి క్రిందివరకు కాలు తీసివేసిరి. ప్రాణము దక్కినది.

వార్డులో అతని మంచము ప్రక్కను కూర్చుండితిని. ఆ గదియు, ఆ మందుల వాసనయు, తెల్లని దుప్పట్లును నాకు పుట్టినింటివంటివి. కాని ఆ దినమున నేనచ్చట పరాయిదానివలె కూర్చుంటిని. చాలసేపటికి అతడే మాటలాడెను.

“సూదిమందు సీసా మూటలనే ఉండె బిడ్డా. ఎండకు పట్టుకుంటే చెయ్యి కాలేది. ఒకనాడు అన్నం తినొచ్చేలోపల మూటనే పోయింది. ఊడ్చుకపోయిండ్రో, ఎత్తుకపోయిండ్రో.”

“అప్పుడే నాకెందుకు చెప్పలె, తాతా?”

“చెప్దామనే కూసున్న. నువ్వు వస్తనే కోపం మీదున్నవు. పోయిందంటే ఇంకింత కోపం చేస్తవనుకున్న.”

ఆ కాలిని తీసివేయుటకు మధుమేహము కారణమని వైద్యశాలవారు వ్రాసిరి. అది నిజమే. కాని నా కోపమునకు కూడ అందులో భాగము కలదు. ఆ రాత్రి నేను నిందింపక, “ఏమైంది తాతా?” అని అడిగియుండినచో అతడు చెప్పియుండెడివాడు. మరుసటి ఉదయము క్రొత్త సీసా వచ్చియుండెడిది. రెండు మాటల దూరములో ఒక కాలు పోయెను. ఈ సంగతి నేనెవ్వరికిని చెప్పక దాచుకొనవచ్చును. కాని మీరు పెద్దవారై వైద్యులో, నర్సులో, అధికారులో కాగలరు. నా తప్పు మీకు పనికివచ్చునని చెప్పుచున్నాను.

ఇంటికి వచ్చి ఆ రాత్రి ఆలోచించితిని. ముప్పదియొక్క సంవత్సరములు నేను రోగులకిచ్చిన చీటీలన్నియు కన్నులయెదుట నిలిచెను. “భోజనానంతరము” అని వ్రాసినప్పుడు, వేళకు భోజనము దొరకునని మేమనుకొంటిమి. “చల్లని చోట నుంచుము” అన్నప్పుడు, చల్లని చోటొకటి కలదనుకొంటిమి. “విశ్రాంతి” అన్నప్పుడు, ఎవరును అదలించి లేపని ఒక మూల కలదనుకొంటిమి. “గాయము తడియరాదు” అన్నప్పుడు, తలపై కప్పు కలదనుకొంటిమి. ప్రతి చీటీలోను మందులతో పాటు ఒక ఇల్లు దాగియున్నది. గడియారము, కంచము, నీళ్ల బిందె, తాళము వేసిన పెట్టె, గుర్తుచేయు మనిషి, ఇవన్నియు ఉన్నవానికే ఆ చీటీ పనిచేయును. లేనివానికది ఉత్త కాగితము. కాగితము పనిచేయనప్పుడు మేము రోగిని నిందించితిమి.

తాత ఈ సంగతినే తన వృత్తిభాషలో చెప్పెను. “గోడ వంకరొస్తే ఇటుకను తిడితే ఏమొస్తది బిడ్డా? పునాది చూడాలె.”

అప్పటినుండి మా ప్రశ్నలు మారెను. “మందు ఎందుకు వేసికొనలేదు?” అని అడుగుట మానితిమి. “మందు ఎక్కడ దాచుదురు? నీళ్లెక్కడ దొరకును? రాత్రి ఎక్కడ పండుకొందురు?” అని అడుగసాగితిమి. జవాబులు మాకు పాఠములైనవి.

రక్తపు పోటు గల యొక అవ్వ ఉదయము వేసికొనవలసిన మాత్రను పారవేయుచుండెను. ఆ మాత్ర మూత్రము నెక్కువచేయును. సమీపమున మరుగుదొడ్డి లేదు. బిడియముచేత ఆమె మాత్రనే మానెను. వైద్యుడు మందు మార్చెను. పోటు అదుపులోనికి వచ్చెను. చంటిబిడ్డతో స్టేషను వద్ద పండుకొను మరియొకామె దగ్గుమందు త్రాగనన్నది. ఆ మందు మత్తునిచ్చును. “నేను మత్తుల ఉంటే పిల్లను ఎవరు చూస్తరక్కా?” అని ఆమె అడిగెను. రాత్రి మెలకువగా నుండి పగలు నిద్రించుట ఆమెకు సోమరితనము కాదు, అది కాపలా. ఒక యువకునికి క్షయ సోకెను. క్షయమందులు ప్రభుత్వము ఉచితముగనే యిచ్చును. కాని ఆరు నెలలు ఒక్కరోజు తప్పకుండ మ్రింగవలెను. నడుమ మానినచో క్రిమి మొండికెత్తును. ఆరు నెలలు ఒకచోట నిలిచియుండుటయే అతనికి కష్టమైన చికిత్స.

ఇన్సులిన్ సంగతి ఒక పాలదుకాణము నడుపు స్త్రీవలన తేలినది. ఆమె మా మాటలు విని, “పాల డబ్బాలు పెట్టే ఫ్రిజ్జుల ఇంత సీసాకు జాగ ఉండదా, సిస్టరమ్మా?” అనెను. నాటినుండి తాత ఇన్సులిన్ పాలడబ్బాల నడుమ నుండెను. కరెంటు పోవు దినములకై ఆమెయే మరియొక ఉపాయము చేసెను. పెద్దకుండలో తడియిసుక పోసి, దానిలో చిన్నకుండ నుంచి, పైన తడిగుడ్డ కప్పెను. నీరు ఆవిరియగునప్పుడు లోపలి వేడిని తీసికొనిపోవును. మన పల్లెలలో నీరు చల్లబడుట కూడ ఇట్లే. పెద్ద పెద్ద యంత్రములు లేనిచోట మట్టికుండ ప్రాణము నిలుపగలదు.

తాత కర్రల సాయముతో నడచుట నేర్చి, ఆ దుకాణము ప్రక్కనే కూర్చుండసాగెను. నేనతనికి తాళముగల ఒక రేకు పెట్టె కొనియిచ్చితిని. తన మూట పోయినట్లు మరల పోకూడదని నా తలంపు. కొన్నాళ్లకు చూడగా ఆ పెట్టెలో ఇతరుల మాత్రలు కూడ చేరెను. అవ్వ పోటు మాత్రలు, యువకుని క్షయ మాత్రలు, ఎవరివో జ్వరపు మాత్రలు వేరువేరు గుడ్డమూటలుగా నుండెను. చదువురానివారికి తెలియుటకై తాత యొక పద్ధతి పెట్టెను. తెల్లదారము కట్టినది ఉదయపు మందు. నల్లదారము కట్టినది రాత్రి మందు. ఉదయమున పాలబండి వచ్చినప్పుడు, రాత్రి దుకాణము మూసినప్పుడు, అతడు పేరుపేరున పిలిచి మందు మ్రింగించెడివాడు. ఆ యువకుడు ఆరు నెలలలో ఒక్కరోజును తప్పలేదు. అతని క్షయ నయమైనది.

మేము చేసినది చాల చిన్నపని. 2011 జనాభా లెక్కలలో ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి ఇల్లులేనివారిని ప్రత్యేకముగా లెక్కించిరి. దేశమంతట 17 లక్షల 70 వేలమందికి పైగా తేలిరి. లక్ష జనాభాగల పట్టణ ప్రాంతమునకు ఒక ఆశ్రయము చొప్పున, సంవత్సరమంతయు రేయింబవళ్లు తెరచియుండునట్లు ఏర్పాటు చేయవలెనని సుప్రీంకోర్టు 2010లో ఆదేశించెను. హైదరాబాదులో నగరపాలక సంస్థవారి ఆశ్రయములు కలవు. 2018 నుండి బస్తీ దవాఖానలు వెలసి, ఇంటి దగ్గరనే వైద్యుని, నర్సును, ఉచిత మందులను అందించుచున్నవి. ఇవన్నియు మేలైన పనులు. అయినను ఆశ్రయమునకు పోవుటకు దారి చూపువారు కావలెను. దవాఖాన మెట్టెక్కుటకు, లోపల ఎవరును అవమానింపరను నమ్మకము కావలెను. ఆ నమ్మకమును ఏ దుకాణమునను కొనలేము.

2020 మార్చిలో కరోనా కారణముగా నగరమంతయు మూతపడినప్పుడు తాత ఆశ్రయమునకు పోవుటకు ఒప్పుకొనెను. అంతవరకు మా మాట వినలేదు. పెట్టె కూడ తనతో రానిచ్చినచోనే వచ్చెదననెను, రానిచ్చిరి. ఆశ్రయములో నాలుగు గోడల నడుమ, తనకంటూ ఒక మంచముపై ఏడాదిన్నర బ్రతికెను. 2021 చివర ఒక రాత్రి నిద్రలోనే కన్నుమూసెను. ఆశ్రయపు కాపలాదారు కబురు పంపగా మేము పోతిమి.

పెట్టెను నాకిచ్చిరి. తెరచి చూచితిని. ఏడు గుడ్డమూటలుండెను. వాటి దారములు సరిగా కట్టబడియున్నవి. అడుగున ప్లాస్టిక్ సంచిలో రెండు కాగితములుండెను. ఒకటి ఆసుపత్రివారి ఆంగ్లపు చీటీ. రెండవది నేను కోపముతో వ్రాసియిచ్చిన తెలుగు చీటీ. మూట పోయిన తరువాత నేనిచ్చినది గనుక అది నిలిచియుండెను. మొదటిదానిని అతడు మొలలో దోపుకొని కాపాడుకొనెనని తరువాత పాలదుకాణపామె చెప్పెను. చదువలేని రెండు చీటీలను అతడు నాలుగేండ్లకుపైగా దాచెను. అవి చూపినచో ఎవరైనను లోపలికి రానిత్తురని అతని ఆశ.

ఆ గుడ్డమూటలను ఎవరివి వారికి చేర్చితిమి. పెట్టెను నేను ఇంటికి తెచ్చుకొనలేదు. క్షయ నయమైన యువకుడు ఇప్పుడు తార్నాకలో ఒక హోటలులో పనిచేయుచు, చిన్న గది అద్దెకు తీసికొని యున్నాడు. అతడు రాత్రిపూట పని ముగిసిన పిమ్మట వంతెన క్రిందికి వచ్చును. పెట్టె అతని యొద్దనే యున్నది. తెల్లదారము ఉదయమునకు, నల్లదారము రాత్రికి. ఆ పద్ధతి మారలేదు.

నాకిప్పుడు మోకాళ్లనొప్పి. నేలపై కూర్చుండినచో లేచుట కష్టము. అందుచేత ఒక చిన్న పీట వెంట తీసికొనిపోవుచున్నాను. ఎవరి గోనెపట్టా వద్దకు పోయినను దాని అంచు వెలుపలనే పీట వేసి, కూర్చుండవచ్చునా యని అడుగుదును. వారు కూర్చుండుమన్న తరువాత, చక్కెర కొలుచుటకు ముందు, కట్టు విప్పుటకు ముందు, మొదటగా ఒక్క మాట అడుగుదును.

“ఏమైంది తాతా?”

జవాబు వచ్చువరకు వేచియుందును.